సురేంద్రనాథ బెనర్జీగారి యుద్యోగభ్రంశము

ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలు చెప్పిరి. అది పోయినచో నవలక్షణమని లోకులు దానికొక తోకను తగిలించిరి. సంస్కృతమున నుద్యోగశబ్దమునకు ప్రయత్నమని యర్థము. మహాభారతమునందలి యుద్యోగపర్వమున నెవ్వరును నెలజీతమునకు కుదురుకొనలేదు. పాండవులు కొలువులకు కుదిరినది దానికి ముందటి విరాటపర్వమునందు. తెలుగున నా మాట సర్కారు కొలువునకు రూఢియై మొదటి యర్థము మఱుగుపడినది. ఈ రెండర్థములకును నడుమ నెంత దూరము కలదో తన బ్రతుకుచేత చూపినవాడు వంగదేశీయుడైన సురేంద్రనాథ బెనర్జీ. ఈయన యిరువదియైదేండ్ల ప్రాయమున కొలువునుండి బర్తరపు చేయబడి, తరువాత నేబది సంవత్సరములు నిరుద్యోగిగా నుండి, ఆ కాలముననే ఉద్యోగమను మాటకు సంస్కృతార్థమును సార్థకము చేసెను.

మన సంఘమున నిప్పుడు ప్రతి కుటుంబమునను ఒక యుద్యోగియైనను కలడు. ప్రతి వార్షిక మహాసభయందును పరీక్షలలో గెలిచి కొలువులలో ప్రవేశించిన పిల్లలను వేదికపైకి పిలిచి సన్మానించుచున్నాము. ఇది మెచ్చదగినదే. కాని యుద్యోగము వచ్చుట యెట్లో చెప్పువారు పెక్కండ్రు. అది యన్యాయముగా పోయినప్పుడు చేయవలసినదేమో, దానికి చట్టము కల్పించిన రక్షణమెట్టిదో చెప్పువారరుదు. అందుచేత నీ సంచికకు జీవితచరిత్ర మొకటి వ్రాయవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు మేమీ మహనీయుని చరిత్రము నెన్నుకొంటిమి.

సురేంద్రనాథుడు 1848వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తానగరమున కులీన బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. తాత పూర్వాచార పరాయణుడు. తండ్రి దుర్గాచరణుడు పాశ్చాత్యవైద్యము నభ్యసించి నగరమున మిక్కిలి పేరుగన్న వైద్యుడు. ఆ రెండు తరముల యాచారములును ఒక్క కప్పు క్రిందనే సాగుచుండగా బాలుడు డవ్టను కళాశాలయందు ఆంగ్లబాలురతోడ కలసి చదివి, 1868లో కలకత్తా విశ్వవిద్యాలయపు బి. ఏ. పట్టమును పొందెను. ఆ సంవత్సరము మార్చి 3వ తేదీని రమేశచంద్ర దత్తు, బిహారీలాల్ గుప్త యను నిరువురు మిత్రులతో నోడయెక్కి సివిలు సర్వీసు పరీక్షకొఱకు సీమకు బయలుదేరెను. సముద్రయానము దోషమని తలచు దినములగుటచే నీ ప్రయాణము నింటిలోని స్త్రీలకు తుదిక్షణము వఱకును తెలియనీయలేదు.

1869లో పరీక్ష జరుగగా భారతీయులు నలుగురు కృతార్థులైరి. అంతకు ముందు ఆ పరీక్షయందు నెగ్గిన భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు ఒక్కడే యగుటచే నొక్కమాఱుగ నలుగురు గెలుచుట దేశమున కంతటికిని పండుగయయ్యెను. ఆ సంతోషము నిలువలేదు. పరీక్షాధికారులు సురేంద్రనాథుని పేరును, బొంబాయివాడైన శ్రీపాద బాబాజీ ఠాకూరు పేరును వయఃపరిమితి మీఱినదను కారణమున జాబితానుండి తొలగించిరి. ఆ కలత యెట్లు వచ్చెనో మనవారు సులభముగా గ్రహింపగలరు. మన దేశమున వయస్సు నడచుచున్న యేటినిబట్టి చెప్పుదురు. ఆంగ్లేయులు నిండిన యేండ్లనే లెక్కింతురు. ప్రవేశపరీక్షనాడు పదునైదు నిండి పదునాఱు నడచుచున్న బాలుడు పదునాఱని వ్రాయించెను. ఆ యొక్క యేడును పట్టుకొని సీమలోని లెక్కగాండ్రు ఆయన యిరువదియొకటి దాటినవాడని తేల్చిరి. సురేంద్రనాథుడు ఊరకుండలేదు. మనదేశమునుండి ప్రమాణపత్రములు తెప్పించి లండనునందలి క్వీన్సు బెంచి న్యాయస్థానము నాశ్రయించెను. తుదకు పేరు మరల జాబితాలో చేరినది. కాని యా వ్యవహారము నడచుచుండగనే 1870లో తండ్రి కలకత్తాలో మరణించెను. కుమారుని గెలుపు నాయన పూర్తిగా చూడలేదు.

ఈ మొదటి వివాదమును మేము విడువక చెప్పుటకు కారణము కలదు. కొలువులో చేరక ముందు న్యాయస్థానమునకు పోవుటకు త్రోవ యుండెను, న్యాయమును దొరకెను. కొలువులో చేరిన పిమ్మట నా త్రోవ మూసికొనిపోయెను. ఇదియే యీ కథయందలి కీలు.

1871 చివర నాయన శ్రీహట్టమున సహాయ మేజిస్ట్రేటుగా నియమింపబడెను. ఆంగ్లేయులు సిల్హెటని పిలుచు నా యూరు నేడు బంగ్లాదేశమున నున్నది. నాడు వంగరాష్ట్రపు తూర్పుకొనను నుండి, 1874లో అస్సామునకు చేర్చబడెను. పైయధికారియైన సదర్లండు దొర మొదట నాదరముతోనే చూచెను. శాఖాపరీక్షలో ఈ భారతీయుడు తనకంటె ముందు చేరిన యాంగ్లేయోద్యోగిని మించిపోవుటతో గాలి మళ్ళెనని సురేంద్రనాథుడు తరువాత తన యాత్మకథయందు వ్రాసికొనెను. అది యొక పక్షమువారి వాక్కు మాత్రమే యగుటచే దానిని తూచి గ్రహింపవలెను. ఆ పిమ్మట నాయన బల్లమీద వ్యాజ్యముల రాశి పెరిగినదనుటయు, ఒక చిన్న కాగితమే యాయన బ్రతుకును త్రిప్పివేసినదనుటయు మాత్రము నిస్సందేహము.

ఒక పడవదొంగతనపు కేసున ముద్దాయి పేరు యుధిష్ఠిరుడు. ఆ కేసు వాయిదాలమీద వాయిదాలు పడి యెంతకును తెమలకుండెను. ముద్దాయి యెక్కడికిని పాఱిపోలేదు. అయినను 1872 సంవత్సరాంతమున వాని పేరు ఫరారీలో నున్నవారి జాబితాలోనికెక్కినది. ఆ యుత్తరువుమీద సురేంద్రనాథుని సంతకముండెను. పాండవాగ్రజుడు నిజముగా నజ్ఞాతవాసము చేసినది విరాటుని కొలువునందు. ఈ యుధిష్ఠిరుని యజ్ఞాతవాసము గుమాస్తా కాగితముమీద మాత్రమే జరిగినది. తీర్పుచేయక నిలిచియున్న కేసుల లెక్కనుండి దానిని మాయము చేయుటకే బుద్ధిపూర్వకముగా నిట్లు చేసెనని యభియోగము. సాయంకాలవేళ పేష్కారు పెట్టిన కాగితముల కట్టలో నిదియు నొకటియై చదువకయే సంతకము పెట్టితినని యాయన సమాధానము. సంజాయిషీ యడిగినప్పుడు ఆ యుత్తరువు తనకు తెలియదని చెప్పుటయు నొక యసత్యముగా పరిగణింపబడి రెండవ నేరమయ్యెను.

మేము సంవత్సరముల తరబడి పాఠశాలలయందు పనిచేసినవారము. మార్చినెలాఖరున ప్రధానోపాధ్యాయుని బల్లపై పడు జీతముల బిల్లులు, హాజరుపట్టీలు, మార్కుల జాబితాలు ఎంత యెత్తున లేచునో యెఱుగుదుము. చదువక సంతకము పెట్టుట తప్పు, అందు సందేహములేదు. న్యాయాధికారి చదువక సంతకము పెట్టుట యింకను పెద్దతప్పు, ఏలయన నా సంతకముచేత నొకని స్వాతంత్ర్యము చెడును. సురేంద్రనాథుని నిర్దోషియని చిత్రించు చరిత్రకారుల వెంట మేము పోజాలము. దోషము కలదు. ఎంత దోషము, దాని నెవరు తూచిరి, ఎంత దండము పడినది యనునవియే విచారింపదగినవి.

విచారణకు ముగ్గురు సభ్యుల సంఘము నియమింపబడెను. మువ్వురును ఆంగ్లేయులు, మువ్వురును సర్కారు కొలువులోనివారు. విచారణము కలకత్తాలో జరుపుడని సురేంద్రనాథుడు కోరెను. అచ్చట మంచి న్యాయవాదులు దొరకుదురు, పత్రికలవారు చూచుచుందురు. ఆ కోరిక నిరాకరింపబడి విచారణము శ్రీహట్టముననే నడచెను. సంఘమువారు నేరము రుజువైనదనిరి. ఇండియా ప్రభుత్వము వారి నివేదికను సీమకు పంపుచు తొలగింపును సిఫారసు చేసెను. సీమలోని ఇండియామంత్రి దాని నంగీకరించెను. 1874లో ఆయన కొలువునుండి తొలగింపబడెను. దయతో నెలకేబది రూపాయల భరణము మాత్ర మేర్పఱుపబడినది. తన పక్షమును స్వయముగా విన్నవించుకొనుటకై యాయన యీలోపల మరల సముద్రము దాటెను. ఇండియా కార్యాలయమున నాయనకు దొరకినది వినికిడి కాదు, బర్తరపు వార్త.

అచ్చట నింకొక దెబ్బ కాచికొనియుండెను. బారిష్టరు పట్టముకొఱకు మిడిలు టెంపిలునందు చేరి గడువులన్నియు పూర్తిచేయగా, 1875లో పట్టమిచ్చు వేళకు కొలువునుండి తొలగింపబడినవాడను హేతువుచేత వారు నిరాకరించిరి. ఒక కాగితముమీది సంతకమునకు మొదట నుద్యోగము పోయినది. తరువాత వృత్తియు పోయినది. మా యభిప్రాయమున మొదటి దండముకంటె నీ రెండవది క్రూరతరము. యజమాని తన యింటితలుపు మూయవచ్చును. ఊరిలోని తలుపులన్నియు మూయించుట వేఱు.

ఇచ్చట చరిత్రమును క్షణము నిలిపి నాటి చట్టమెట్లుండెనో చెప్పవలెను. సర్కారు నౌకరులపై విచారణ జరుపుటకు 1850వ సంవత్సరపు 37వ చట్టము కలదు. అభియోగములను వ్రాతమూలమున నీయవలెననియు, నిందితుడు సాక్షులను ప్రశ్నింపవచ్చుననియు అందు విధులున్నవి. చూచుటకు చక్కని చట్టమే. కాని యట్టి విచారణలేకయే యే కారణముచేతనైనను నౌకరును తొలగించుటకు ప్రభుత్వమునకుగల యధికారమున కీ చట్టముచేత భంగములేదని దాని చివరనే యొక నిబంధనముండెను. ముందు తలుపునకు గొళ్ళెము పెట్టి పెరటితలుపు తెఱచియుంచినట్లయినది. నౌకరు పనిచేయునది రాణి చిత్తానుసారముగ. చిత్తము మాఱిన కొలువులేదు. ఇదియే నాటి మూలసూత్రము. ఫిర్యాదుచేసినవాడు, విచారించినవారు, సిఫారసు చేసినవారు, శిక్షించినవారు అందఱును ఒకే యంతస్తుల మేడలో నివసించువారు. బయటినుండి చూచి తప్పొప్పులను తూచు న్యాయాధిపతికి వారి నడుమ చోటులేదు. కౌటిల్యుడు దండనీతిని చెప్పుచు, తీక్ష్ణదండుడు ప్రజలకు జంకు కలిగించుననియు, మృదుదండుడు తేలికయగుననియు, తగినంత దండించువాడే పూజ్యుడనియు నిర్ణయించెను. తగినంత యనుదానిని కొలుచువా డొకడుండవలెను గదా. 1874లో ఆ కొలతగాడు లేడు. తాను భారతీయుడు గాకున్నచో మందలింపుతో బయటపడియుందునని సురేంద్రనాథుడు తుదివఱకును నమ్మెను. వంగదేశమున విద్యావంతులు పెక్కండ్రును అట్లే నమ్మిరి.

ఆ కొలతగాడు చట్టములోనికి మెల్లమెల్లగా వచ్చెను. 1919 నాటి ఇండియా ప్రభుత్వ చట్టములో, నియమించిన యధికారికంటె దిగువవాడు నౌకరును తొలగింపరాదని చేర్చిరి. 1935 నాటి చట్టము, తొలగింపునకు ముందు సంజాయిషీ చెప్పుకొనుటకు సరియైన యవకాశ మీయవలెననెను. ఈ మాట వట్టి మర్యాదమాట కాదని తేలుటకు మఱి పదుమూడేండ్లు పట్టినది. 1940లో తొలగింపబడిన యొక సివిలుసర్వీసు ఉద్యోగి వ్యాజ్యమున, శిక్షను గూర్చి కారణము చెప్పుకొను నవకాశ మీయలేదు గనుక నా తొలగింపు చెల్లదని 1948లో ప్రీవీ కౌన్సిలు తీర్పుచెప్పెను. ఆయన యుద్యోగము చట్టదృష్టిలో నిలిచినదే గాని బాకీ జీతమునకు మాత్రము దావా చెల్లదనిరి. ఆ కొఱతయు 1954లో తీఱెను. బిహారు పోలీసు ఉద్యోగి యొకని వ్యాజ్యమున, ప్రభుత్వోద్యోగి బాకీజీతమునకు దావా వేయవచ్చునని మన సుప్రీముకోర్టు నిర్ణయించినది.

మన రాజ్యాంగమునందు 310వ యధికరణము పాత చిత్తానుసారసూత్రమును నిలుపుచునే, 311వ యధికరణము దానికి కళ్ళెము వేసినది. అభియోగములను తెలుపవలెను, విచారణ జరుపవలెను, మాటాడు నవకాశ మీయవలెను. క్రిమినలు శిక్షపడినప్పుడు, విచారణ సాధ్యముకానప్పుడు, దేశభద్రతకు భంగమని తోచినప్పుడు ఈ విధులకు మినహాయింపు కలదు. శిక్షను గూర్చి రెండవమాఱు సంజాయిషీ చెప్పుకొను హక్కును 1976 నాటి 42వ సవరణము తీసివేసినది. అది మాకు నచ్చలేదు. కాని 1993లో హైదరాబాదునందలి ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వ్యాజ్యమున సుప్రీముకోర్టు, విచారణాధికారి వేఱు, శిక్షించు నధికారి వేఱు అయినచోట, విచారణ నివేదిక ప్రతిని శిక్షకు ముందే యుద్యోగి చేతికీయవలెనని శాసించి, పోయినదానిలో కొంత మరల తెచ్చియిచ్చినది. దండము దోషమునకు మించి మనస్సాక్షిని కలవరపెట్టునదైనచో న్యాయస్థానము కలుగజేసికొనవచ్చునను సూత్రమును నేడు స్థిరపడియున్నది. కర్మాగారములయందలి శ్రామికులకు ఈ విషయమున నింకను గట్టి రక్షణము దొరకినది. 1965 నాటి సవరణముచేత నొక్కని తొలగింపుకూడ పారిశ్రామిక వివాదముగా నెంచబడెను. మన తెలుగువాడైన వరాహగిరి వేంకటగిరిగారు రాష్ట్రపతిగా నున్న 1971లో వచ్చిన సవరణము, తొలగింపు అన్యాయమని తోచినచో దానిని రద్దుచేసి తేలికశిక్షను విధించు నధికారమును న్యాయస్థానమునకిచ్చెను. ఆ యధికారము 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడులోనికిని చేరినది. శ్రీహట్టపు సహాయ మేజిస్ట్రేటునకు కావలసియుండినది సరిగా నిదియే: తప్పు చేసితివి, దానికింత, అంతకు మించి లేదని చెప్పు బయటివాడొకడు.

చట్టమున్నను దాని నడుగవలెనని తెలియకున్న ప్రయోజనములేదు. ప్రైవేటు విద్యాసంస్థలయందలి యుద్యోగిని అధికారి ముందస్తు ఆమోదములేక తొలగింపరాదని మన రాష్ట్రమున 1982 నాటి విద్యాచట్టము కట్టడిచేసినది. ఆ చట్టము వచ్చిన చాల యేండ్లకు పిమ్మట, మేమెఱిగిన యొక పాఠశాలయందు, లెక్కలు చెప్పు నుపాధ్యాయుని నేప్రిలు తుదిదినమున పిలిచి, జూనునుండి రానక్కరలేదని నోటిమాటతో చెప్పిరి. కాగితములేదు, కారణములేదు, వేసవిసెలవుల జీతమునులేదు. ఆ పెద్దమనిషి నమస్కారముచేసి యింటికి పోయెను. ఉత్తరువును వ్రాతమూలమున నిండని యడుగవలెనని యాయనకు తోచలేదు. తోచినను నడుగుట మర్యాదగాదని యెంచెను. మనవారిలో నిట్టి మర్యాద కొంచెము తగ్గిన మంచిది.

మరల కథకు వత్తము. పట్టమును దొరకక, కొలువునులేక, సురేంద్రనాథుడు లండనున నొక సంవత్సరము గదిలో కూర్చుండి యుదయమునుండి రాత్రివఱకు బర్కును, మాజినీని చదివెను. 1875లో కలకత్తాకు తిరిగి వచ్చునప్పటికి చేతిలో ధనములేదు, పేరునకు మచ్చ. బర్తరపయినవానిని పిలిచి పని యిచ్చుటకు సాహసింపవలెను. ఆ సాహసము చేసినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. మెట్రోపాలిటను ఇన్‌స్టిట్యూషనున ఆంగ్లోపన్యాసకపదవి నిచ్చి నెలకు రెండువందల రూపాయల జీత మేర్పఱచెను. విద్యాసాగరుని గూర్చి సంస్కృతము చదివిన మావంటివారికొక పక్షపాతము కలదు, దానిని దాచుకొనము. వ్యాకరణకౌముదిని వ్రాసిన యా పండితుడు 1858లో సంస్కృతకళాశాల ప్రధానపదవిని, పైయధికారితోడి భేదముచేత, తానే వదలుకొని వచ్చినవాడు. సర్కారు కొలువు పోవుట యననేమో యాయనకు తెలియును. కొలువునుండి తానై లేచివచ్చినవాడు, కొలువునుండి త్రోయబడినవానికి పీట వేసెను.

ఆ పీటమీద కూర్చుండినవాడు దానిని వేదికగా మార్చెను. విద్యార్థులకు మాజినీ చరిత్రము, సిక్కుల యభ్యుదయము, చైతన్యుని జీవితము మొదలగు విషయములమీద నుపన్యసింపసాగెను. 1876 జూలై 26వ తేదీని ఇండియను అసోసియేషను స్థాపింపబడినది. నాటి యుదయమున నాయన పసికుమారుడు మరణించెను. సాయంకాల మాయన సభకు పోయి మాటాడెను. దీనిని కొందఱు కాఠిన్యమందురు, మేమేమియు ననము.

ఆ సంవత్సరముననే సివిలు సర్వీసు పరీక్షకు వయఃపరిమితిని ఇరువదియొకటినుండి పందొమ్మిదికి తగ్గింప నిశ్చయించిరి. సముద్రము దాటి పరాయిభాషలో పరీక్ష వ్రాయవలసిన మన బాలురకిది తలుపు మూయుటయే. వయస్సు లెక్కమీద నొకమాఱు, సంతకముమీద నొకమాఱు దెబ్బతిన్న సురేంద్రనాథుడే యీ యన్యాయముమీదికి లేచెను. 1877లో లాహోరు, అమృతసరము, ఢిల్లీ, అలహాబాదు, కాశి మొదలగు నగరములు తిరిగి సభలు చేసెను. మఱుసటి శీతకాలమున బొంబాయి, చెన్నపురి రాష్ట్రములకును వచ్చెను. తాను మరల చేరుటకు వీలులేని కొలువుకొఱకు, ఇతరుల బిడ్డలు చేరవలెనని, ఈ దేశపు నానాప్రాంతముల ప్రజలచేత నొకే మహజరుపై సంతకములు పెట్టించెను. అఖిలభారతోద్యమమన నట్లుండునని కాంగ్రెసు పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందే ప్రజలు చూచిరి. 1879లో ఆ మహజరును లాల్మోహన ఘోషు సీమకు గొనిపోయెను.

1879 జనవరి 1వ తేదీని బెంగాలీ యను పత్రికను పదిరూపాయలకు కొనెను. 1882లో ఒక చిన్న పాఠశాలను చేపట్టి, పెంచి, రిపను ప్రభువు పేర కళాశాలను చేసెను. 1883లో ఒక హైకోర్టు న్యాయాధిపతి సాలగ్రామమును కచేరికి తెప్పించెనని విని బెంగాలీలో ఘాటుగా వ్రాసెను. వార్త సగము సరికానిది. తెలిసినవెంటనే క్షమాపణ చెప్పెను. అయినను కోర్టుధిక్కార మనుచు నలుగురు న్యాయాధిపతులు రెండునెలల చెర విధించిరి. జరిమానా చాలునని భిన్నాభిప్రాయము వ్రాసినవాడు రమేశచంద్ర మిత్రుడొక్కడే. మరల నదియే కథ: కొంత తప్పు, దానిని మించిన దండము. కాని యీమాఱు దేశము చూచుచుండెను. విద్యార్థులు వీథులకెక్కిరి, పరరాష్ట్రములందును సభలు జరిగినవి.

1895లో పునహాయందును, 1902లో అహమ్మదాబాదునందును కాంగ్రెసు కధ్యక్షత వహించెను. 1905 వంగవిభజనకు ప్రతికూలముగ నాయన యెత్తిన గొంతు 1911లో విభజన రద్దగువఱకును తగ్గలేదు. ఆ వందేమాతరోద్యమపు కెరట మాంధ్రదేశమునకును వచ్చెను. దానిని రాజమహేంద్రవరమునకు తెచ్చినవాడు సురేంద్రనాథుడు కాడు, ఆయనకంటె తీవ్రవాదియైన బిపినచంద్ర పాలు. 1907లో పాలుగారి యుపన్యాసముల పిమ్మట నచ్చటి శిక్షణ కళాశాలలో చదువుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కరింపబడి, సర్కారుకొలువునకు పనికిరానివాడుగా చేయబడిరి. ఆయనకు ఉద్యోగము రాకమునుపే పోయినదన్నమాట. హరిసర్వోత్తమరావుగారు పత్రికలకును, గ్రంథాలయములకును, వయోజనవిద్యకును జీవితమును ధారపోసినది తెలుగువారెఱిగినదే.

సురేంద్రనాథుని చివరి దినములు కొంత కలత గలవి. గాంధీగారి సహాయనిరాకరణమున కాయన యొప్పుకొనలేదు. 1921లో సర్ బిరుదమును, వంగరాష్ట్రమున స్థానికస్వపరిపాలన మంత్రిపదవిని స్వీకరించెను. పూర్వము పూలదండలు వేసినవారే నిందించిరి. నిందించుటకు కారణములును కలవు; ఊరంతయు చెరసాలలకు నడచుచుండగా మంత్రిపీఠము తీపికాదు. కాని యొక సంగతి మఱువరాదు. సివిలు సర్వీసునుండి గెంటివేయబడినవాడు ఏబది సంవత్సరములకు పిమ్మట సివిలు సర్వీసువారు కాగితములు పట్టుకొని తన యెదుట నిలువగా సంతకములు పెట్టెను. 1923లో కలకత్తా పురపాలక చట్టము ఆయన చేతిమీదుగా వెలువడినది. ఆ సంవత్సరపు టెన్నికలలో రాజకీయములకు క్రొత్తవాడైన వైద్యుడు బిధానచంద్ర రాయిచేతిలో నోడిపోయెను.

1925లో ఎ నేషన్ ఇన్ మేకింగ్ అను పేర నాత్మకథ వెలువడినది. అందు శ్రీహట్టపు వ్యవహారమునకు తగినన్ని పుటలు కలవు. ఏబదియేండ్లకును ఆ ముల్లు అరగలేదని చదువరికి తెలియును. ఆ సంవత్సరము ఆగష్టు 6వ తేదీని బారకుపురమునందు ఆయన దేహము చాలించెను. దేశము స్వతంత్రమైన పిమ్మట కలకత్తాలోని కళాశాలకు రిపను ప్రభువు పేరు తీసివేసి సురేంద్రనాథ కళాశాలయని పేరు పెట్టిరి. నేటికిని ఆ పేరనే నడచుచున్నది.